నాగవ్వ మూడు వేళ్లు

పోగు మళ్లీ జారింది.

నాగవ్వ రాట్నం ఆపింది. ముప్పై ఏళ్లుగా నూలు కండెలు చుడుతున్న చెయ్యి. ఒక్క పొద్దులో పోగు రెండుసార్లు జారడం ఇదే మొదలు. ఎడమ అరచేయి మొద్దుబారింది. నొప్పి దవడ దాకా పాకింది. కుడిచేతి మూడు వేళ్లు ఎడమ మణికట్టు మీద ఆనించి కళ్లు మూసుకుంది. ముడులు పడిన నూలులా నాడి ఆగి ఆగి నడుస్తోంది.

"కరీంనగరే," అని గొణుక్కుంది.

కానీ ఇవాళ బంద్. మొన్నటి ఎన్‌కౌంటర్ మీద అడవిలోని అన్నలు పిలిచిన బంద్. సిరిసిల్ల బస్టాండులో ఒక్క బస్సు లేదు. నేతగాళ్ల వాడకట్టులో మాత్రం తలుపులు వేసుకుని మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. రేపు పోదాంలే అనుకుని పోగు అందుకుంది.

నాగవ్వ మందు ఇవ్వదు, మంత్రం వేయదు. అయినా ఎవరికి బాగాలేకపోయినా ముందు ఆమె గడపకే వస్తారు. ఆమె మణికట్టు పట్టుకుని రెంటిలో ఒకటి చెబుతుంది: "మౌళి చాలు", లేదంటే "కరీంనగర్". మౌళి అంటే సందు మొదట్లో సూదిమందు వేసే ఆర్ఎంపీ చంద్రమౌళి. కరీంనగర్ అంటే నలభై కిలోమీటర్ల అవతలి పెద్దాసుపత్రి. తెగబోయే పోగు ముందే ఆమె వేళ్లకు తెలిసినట్టు, మనిషి సంగతీ తెలిసేది. ఆ మాట ఇంతవరకు తప్పలేదు.

పది గంటలకు దేవదాస్ నవ్వుతూ వచ్చాడు. వెనక భార్య రాధమ్మ, సంచితో చంద్రమౌళి. మగ్గంలో అటూ ఇటూ పోగును మోసే నాడె ఎగిరి దేవదాస్ ఎడమ పక్కటెముకల కింద తగిలింది. ఇనుప మొన ఉన్న కర్ర నాడె. అతను కాస్త గంజి రాసుకుని, గంటసేపు మళ్లీ మగ్గం నడిపాడు. అక్కడ అందరూ చేసేది అదే.

"కమిలిందంతే పెద్దవ్వా. ఒక సూది ఏస్తె సరి," అన్నాడు చంద్రమౌళి.

నాగవ్వ దేవదాస్ మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"ఎడమ భుజం నొస్తున్నదారా?"

దేవదాస్ నవ్వు ఆగింది. "నొస్తున్నది. దెబ్బ గీడ తాకితే భుజమెందుకు నొస్తున్నదా అని నేనే సోంచాయిస్తున్న. నీకెట్ల ఎర్క?"

"పోగు సన్నబడి ఉరుకుతున్నది. కరీంనగర్."

"నాడె తాకినప్పుడల్లా కరీంనగర్ పోతే, మగ్గాలోళ్లమంత గాడనే కాపురం పెట్టాలె!" అన్నాడు దేవదాస్.

చంద్రమౌళి సూది సంచిలో పెట్టేశాడు.

మగ్గాల ఆసామి రాజేశానికి నూలు మోసే వ్యాన్ ఉంది. కబురందుకుని వచ్చిన అతను తల అడ్డంగా ఊపాడు. "బంద్ నాడు బండి తీస్తే అన్నలు తగలబెడ్తరు నాగవ్వా."

"బండి కాలితే నువ్వేడుస్తవ్. వీడు పోతే గీ రాధమ్మ ఏడుస్తది. ఏ ఏడుపు పక్కన నీకు నిద్రపడ్తదో చెప్పు రాజేశం."

రాజేశం తాళంచెవి తీశాడు. సగం నేసిన తెల్ల గుడ్డ కోసి, రోగి ఉన్నాడని తెలిసేలా కర్రకు కట్టి బండి ముందు నిలబెట్టారు. ముందు బండి నడిపే రాజేశానికే చోటు; వెనక నూలు మూటలు దించితే ఒకరు పడుకోవడానికి, ఒకరు కూర్చోవడానికి చోటు వచ్చింది.

"నువ్వు రా పెద్దవ్వా. నాకు భయమైతున్నది," అంది రాధమ్మ.

నాగవ్వ ఆ చోటు వైపు చూసింది. ఎడమచేతిని కొంగులో దాచుకుంది.

"నేనెందుకే? వాని తల ఒళ్లె పెట్టుకో. నీళ్లు తాపకు."

వ్యాన్ కదిలింది. సందు మలుపు తిరిగేదాకా చూసి, ఆమె గోడ పట్టుకుంటూ రాట్నం దగ్గరకు వెళ్లింది.

మూడింటికి ఆసామి ఇంటికి ఫోన్ వచ్చింది. చంద్రమౌళి చెప్పులు లేకుండానే పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దవ్వా! కడుపుల నెత్తురు నిండిందట. ఆపరేషన్ చేసిండ్రు. ఇంకో గంటయితే దక్కకపోవునట. భుజం సంగతి పసిగట్టిందెవరని పెద్ద డాక్టర్లే అడిగిండ్రట!"

నాగవ్వ గోడకు ఆనుకుని ఉంది. కుడిచేతి మూడు వేళ్లు ఎడమ మణికట్టు మీదే ఉన్నాయి. చంద్రమౌళి ఆ వేళ్ల పక్కన తన వేళ్లు ఆనించాడు. చల్లగా ఉంది. పొద్దున కొంగు చాటుకు పోయిన చెయ్యి, బండిలో ఆమె చూసిన చోటు అతనికి గుర్తొచ్చాయి. మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులూ జోడించాడు.

రాట్నం మీద కండె సగం నిండి ఉంది. నూలు చిలప నుంచి దాని దాకా పోగు ఎక్కడా తెగలేదు.