అమ్మ వాడే మాట

మేడం, మీకో విషయం చెప్పాలి, అని మొదలుపెడితే ఎవరో పోయిన కబురు తెచ్చినట్టుంటుంది, మేడం, నాకో చిన్న ఇబ్బంది, అంటే సెలవుకి సాకు వెతుక్కున్నట్టుంటుంది, పోనీ పేరుతోనే మొదలుపెడితే, నాకు బైపోలార్ ఉంది మేడం, అబ్బే, అది విని ఆవిడ కుర్చీ ఒక్క అంగుళం వెనక్కి జరిపినా ఆ అంగుళాన్ని తను జన్మంతా మొయ్యాలి, గది బయట ఇనుప బెంచీ మీద కూర్చుని తను ఈ మాటల్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటోంది, నర్సింగు చివరి ఏడాది, శిక్షణకని ఈ ఆసుపత్రిలో చేరింది మొదలు లోపల ఇదే రోకలిపోటు, చెప్పాలా వద్దా, తలుపు అవతల ఉన్నది నర్సింగు పిల్లల్ని వార్డులకు పంచే పెద్ద నర్సు, పొద్దున ఏ మడతతో వస్తుందో సాయంత్రం అదే మడతతో వెళ్తుంది కాబట్టి అందరూ చాటుగా ఇస్త్రీ మేడం అంటారు, చివరి పోస్టింగు ఎవరికి ఎక్కడో ఇవాళ ఆవిడ నోట తేలిపోతుంది, తనకు ప్రసవాల వార్డు కావాలి, ఇంకేదీ అక్కర్లేదు, మొదటిసారి ఒక బిడ్డ తల బయటికి రావడం చూసిన రోజు మాస్కు లోపల నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది, అయితే పిల్లలు వేళ చూసుకుని పుట్టరు, అక్కడ రాత్రి డ్యూటీలు వరసపెట్టి పడతాయి, డాక్టరేమో ఒకటే చెప్పాడు, మాత్రలెంతో నిద్రా అంతేనమ్మా, రాత్రులు చెయ్యి, వరసగా చెయ్యకు, మధ్యలో విశ్రాంతి అడిగి తీసుకో, అడగాలంటే ఎందుకో చెప్పాలి, చెబితే వార్డు పోతుందేమో, చెప్పకపోతే నిద్ర పోతుంది, పోతుందంటే పడుకోవడం కాదు, నిజంగానే పోవడం, అది పోతే మళ్ళీ ఆ పాత కథే.

ఆ పాత కథలో తను నిద్ర మానేసి ఇంట్లో తలుపుల గొళ్ళేలన్నీ విప్పి, తోమి, నూనె రాసి బిగించింది, అప్పుడది లోకాన్ని బాగు చేస్తున్నంత గొప్పగా తోచింది, ఏమే పిచ్చిదానా, దొంగలకు దారి చేస్తున్నావా అని అమ్మ నవ్వింది కూడా, ఆ తర్వాత నెలల తరబడి తను మంచం దిగలేదు, డాక్టరు జబ్బుకు పేరు పెట్టిన రోజే అమ్మ ఇంట్లోంచి పిచ్చి అన్న మాటను ఊడ్చి పారేసింది, అదివరకు అదే అమ్మకు ఊతపదం, పిచ్చి తల్లీ, పిచ్చి మొహమా, కోపం వచ్చినా ముద్దొచ్చినా అదే, ఇప్పుడు తమ్ముడు బయట పిచ్చి ఎండ అన్నా కళ్ళురిమి చూస్తుంది, నాన్న ఒరేయ్ పెరట్లో ఆ పిచ్చి మొక్కలు పీకరా అనబోయి, అమ్మ చూపు తగిలి, ఆ మొక్కలు పీకరా అని సరిపెట్టుకుంటే వాడు వెళ్ళి గులాబీలు పీకి కుప్ప పోశాడు, తనకు పొట్ట పగిలేంత నవ్వొచ్చింది, నవ్వుతుంటే ముగ్గురూ నవ్వు మానేసి తన ముఖంలోకి చూశారు, ఇది మామూలు నవ్వేనా అని, ఆ పోయిన మాట ఖాళీలోకి అమ్మ ఇంకొకటి తెచ్చి పెట్టుకుంది, సున్నితం, మా అమ్మాయి కాస్త సున్నితమండి, గాజు గ్లాసుల అట్టపెట్టె గురించి చెప్పినట్టు, పక్కింటావిడతో, బట్టలు కుట్టేవాడితో, తలుపు కొట్టిన ప్రతివాడితో, అమ్మ లెక్కల టీచరు, ఏదీ ఉజ్జాయింపుగా చెప్పదు, ఇదొక్కటే చెబుతుంది, గొంతు తగ్గించి, తల కొంచెం పక్కకు వంచి, ఇక్కడికి బయల్దేరిన రోజు మాత్రం తన చెయ్యి పట్టుకుని మాట ఇచ్చింది, చెప్పాలో వద్దో నీ ఇష్టం, నేను నోరు విప్పను, నీ మీద ఒట్టు అంది, తను నమ్మింది.

లోపలికి రమ్మన్నారు, మేడం ముందుగా తన వైపు మంచినీళ్ళ గ్లాసు జరిపింది, కూర్చోమ్మా అంది, కూర్చోమ్మా అని ఎవరినీ అనదు ఆవిడ, మిగతావాళ్ళు నిలబడే వింటారు, మేడం, నేను, అని తను ఎత్తుకునేలోపే ఆవిడ, నిన్ను పరికరాల గదిలో వేశానమ్మా, పగటి డ్యూటీ, కత్తెరలు, పటకార్లు ఆవిరి పట్టించి కట్టలు కట్టడమే, ఏ గొడవా ఉండదు, ప్రశాంతంగా ఉంటుంది అంది, ఉంటుంది మరి, అక్కడ రోగే ఉండడు, ప్రసవాల వార్డు అడిగాను మేడం, మార్కులు కూడా అందులోనే ఎక్కువ వచ్చాయి, అన్న గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది, మేడం తల కొంచెం పక్కకు వంచింది.

అక్కడ నీకు కష్టమమ్మా, నువ్వు కాస్త సున్నితం కదా.

నీళ్ళ గ్లాసు అక్కడే ఉంది, థాంక్యూ మేడం అని కూడా అన్నట్టుంది, అలవాటు, బయటికొచ్చింది, లాయరు, లాయరే చెప్పుంటుంది, హాస్టల్లో తన గదిలో ఉండే పిల్ల, ప్రతిదానికీ వాదన పెట్టుకుంటుందని ఆ పేరు, ఈ ఊళ్ళో తను నోరు విప్పి చెప్పుకున్నది ఆ ఒక్కదానికే, చెప్పకు, చెప్పావంటే పక్కన పడేస్తారు అని సలహా ఇచ్చి అదే వెళ్ళి చెవిలో ఊదిందా, దేవుడా లాయరే అయ్యుండాలి, స్నేహితురాలి మీద కోపం తెచ్చుకోవడం ఎంత తేలిక, గది మారిపోతే తీరిపోతుంది, కానీ లాయరు చెబితే బైపోలార్ అని ముఖాన కొట్టినట్టు చెబుతుంది, దానికి మెత్తగా చెప్పడం చేతకాదు, ఆ మాట లాయరుది కాదు, ఆ తల వంపు కూడా మేడంది కాదు, అంటే మొదటినుంచీ తెలుసు, అందరికీ తెలుసు, మందుల బండి తాళం అందరి చేతుల్లోనూ తిరిగి తన దాకా వచ్చేసరికి ఉండనీలేమ్మా అని పక్కకు పోయిందెందుకో ఇప్పుడు అర్థమైంది, మూల మంచం పెద్దాయన పోయినప్పుడు అందరినీ ఉంచి తనను మాత్రం దుప్పట్లు తెమ్మని కింది అంతస్తుకు పంపారు, అలసిపోయావు, కాస్త కూర్చో అని సీనియర్లు కుర్చీ జరిపితే, తనంటే వీళ్ళకు ఎంత ఇష్టమో అని ఫోన్లో అమ్మకు చెప్పి మురిసిపోయింది, అమ్మ ఊఁ ఊఁ అని విన్నది, అన్నీ తెలిసి విన్నది.

ఫోన్ చేస్తే బడి విరామం గోలలోంచి అమ్మ గొంతు, తిన్నావా, మాత్ర వేసుకున్నావా అంది, మేడంతో నువ్వు మాట్లాడావా అమ్మా అని తను అడిగింది, అమ్మ గొంతు తగ్గించింది, నువ్వు బయల్దేరాక, అక్కడ చేరకముందేనే, నంబరు ఎలాగో సంపాదించి, నీ మంచికే, కన్నదాన్ని, నీకేమన్నా అయితే నేను బతకగలనా, రాత్రుళ్ళు అక్కడ నిన్ను ఎవరు చూస్తారు, అని అమ్మ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయింది, తనకు ఏడుపు రాలేదు, ఏడిస్తే సున్నితం అంటుంది, మాట ఇచ్చావు కదమ్మా అంది, దానికి అమ్మ నిజంగా నొచ్చుకుంది, మాట తప్పానంటావా, జబ్బు పేరు ఎత్తలేదే నేను, నీ మీద ఒట్టు, సున్నితం అని మాత్రమే అన్నాను, అంతకుమించి ఒక్క ముక్క చెప్పుంటే అడుగు, అంది, ఆ గొంతులో గర్వం ఉంది, గుట్టు కాపాడానన్న గర్వం, నమ్మించి గొంతు కోసిన మనిషికి చెయ్యి తెగిందేమో చూసుకోమని చెప్పాలనిపించింది, ఇక నా మీద ఒట్లు వెయ్యకమ్మా అని పెట్టేసింది.

వార్డులో డ్యూటీ మారే వేళ, వెళ్ళేవాళ్ళు వచ్చేవాళ్ళకు మంచం మంచానికీ రోగిని అప్పజెబుతున్నారు, ఎవరికీ కనపడకుండా గోడవారగా పోదామనుకుంది, కిటికీ పక్క మంచం దగ్గర శిక్షణకు కొత్తగా చేరిన పిల్ల నీళ్ళు నములుతోంది, ఈమెకు పాపం ఒంట్లో అంతగా బాగోలేదు సిస్టర్, అంటే డ్యూటీకొచ్చిన సిస్టర్ అలసటగా, బాగుంటే ఇక్కడెందుకుంటుందమ్మా, ఏం జబ్బు, ఏం మందు, ఏం కనిపిస్తే నేను పరిగెత్తాలి, అది చెప్పు, ఉత్తినే పాపం అని అప్పగిస్తే నేను కాపలా కాయాలి తప్ప చెయ్యగలిగిందేముంది అంది, మంచం మీది మనిషి కూడా తలూపింది, తను దుప్పట్ల బీరువా పక్కన ఆగిపోయింది, కాపలా, ఇన్ని వారాలుగా తనకు దొరికింది అదే, మేడం దగ్గర ఏముంది అసలు, జబ్బు పేరు లేదు, మందు లేదు, నిద్ర తగ్గితే గమనించమని లేదు, రెండు రాత్రుల తర్వాత ఒక రాత్రి విశ్రాంతి ఇస్తే ఈ పిల్ల అందరిలాగే పని చేస్తుందని లేదు, పాపం అని మాత్రం ఉంది, అమ్మ అప్పగించింది తన జబ్బును కాదు, తన భయాన్ని, చెబితే ఏమేం పోతాయోనని తను వణికిందో అవన్నీ చెప్పకుండానే పోయాయి, వార్డు పోయింది, బండి తాళం పోయింది, అమ్మ మీద నమ్మకం పోయింది, అది ఇప్పట్లో తిరిగిరాదు, రావాలని కూడా ఇవాళ లేదు, ఇంత శిక్ష పడింది, కానీ చెప్పాల్సిన మాట మాత్రం ఎవరి నోటా పడలేదు, అది ఇంకా తన నోట్లోనే ఉంది, ఎవరూ తాకలేదు, ఎలా మొదలుపెట్టాలో వెతుక్కోవడం మానేసి తను వచ్చిన దారినే వెనక్కి నడిచింది, మేడం గది తలుపు తట్టింది, రమ్మనేదాకా ఆగింది, తన సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పనేలేదు.