మూడో గది చలి

ఆ ఏడు పంట దింపేనాటికి తక్కెడ చేతిలో ఉన్నవి ఇవి: మూడు గదుల శీతల గోదాము, అందులో అన్నిటికన్నా పెద్దదైన మూడో గదిని తన ఆపిల్ పళ్ళతో నింపే తోటావిడ, ఇంజనీరింగు చదివిన బావమరిది. ఏ సంగతైనా రెండు పళ్ళేల్లో వేసి తూచందే కదలడని వీధి అతనికి పెట్టిన పేరు తక్కెడ. బావమరిదిని ఏ పళ్ళెంలో వెయ్యాలో మాత్రం అప్పటికింకా తేల్చుకోలేదు.

గోదాము గోడలు మూరెడు మందం. లోపలి కబురు ఆఫీసు గదికి చేరడం కష్టం. అందుకని బావమరిది అగ్గిపెట్టెలంత పరికరాలు తెచ్చి మూలమూలనా తగిలించాడు. ఒక్కోదానికి ఒక బిళ్ళ బ్యాటరీ, చీమ తలకాయంత జ్ఞాపకం.

"ఫలానా పరికరం ఎక్కడుందని వెతకడం ఉండదు బావా. కావలసిన సంగతిని పేరు పెట్టి అడగడమే. 'మూడో గది చలి' అని అడిగామనుకోండి, ఆ సంగతి ఎవరి దగ్గరుంటే వాళ్ళు చెప్తారు. లోపలి మూలది చెప్పిన మాటని తలుపు దగ్గరది దాచుకుంటుంది. మళ్ళీ అడిగితే అంత దూరం పోనక్కర్లేదు."

"బజార్లో ధర అడిగినట్టన్నమాట. తెలిసినవాడెవడైనా చెప్తాడు."

"అంతే. మీరు ఇట్టే పట్టేశారు."

పొగడ్త నచ్చింది గాని, బ్యాటరీల సంగతి తక్కెడకు నచ్చలేదు. బ్యాటరీ మార్చాలంటే తలుపు తియ్యాలి, తలుపు తీస్తే చలి బయటికి పోతుంది. "అస్తమానం తలుపు తీయించావంటే ఊరుకోను. పళ్ళు బయటికి పోయేదాకా బ్యాటరీలు నిలవాలి," అని వెంటపడ్డాడు. అన్నం దగ్గర కూర్చున్నా అదే పాట. పోరు పడలేక బావమరిది ఏదో సర్దాడు. బ్యాటరీలు నిలిచాయి. ఆఫీసు గదిలోని తెర మీద మూడో గది చలి అంకె కూడా పచ్చగా, కదలకుండా నిలిచింది. ఏ సరుకు ధరా అంత కదలకుండా ఉండగా చూడని మనిషికి అక్కడే అనుమానం రావలసింది. రాలేదు.

ఒక ఉదయం తోటావిడ పళ్ళు చూసుకోవడానికి వచ్చింది. ఆవిడకు ఆ పంట తప్ప వేరే ఆధారం లేదు. ఆవిడ సరుకు పోతే మూడో గదిని నింపే దిక్కు తక్కెడకూ లేదు.

"చూడండమ్మా, లోపల చలి వణికిస్తోంది," అని తెర చూపించి, గర్వంగా తలుపు తీశాడు.

మగ్గిన పళ్ళ వాసన గుప్పున కొట్టింది. వెనక గోడ ఫ్యాను ఆగిపోయి ఉంది. వెనక వరసల పెట్టెల్లో పండు నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది.

తోటావిడ వేలు రుమాలుకు తుడుచుకుంది. "నీ తెర ఇంకా వణుకుతూనే ఉంది బాబూ," అంది.

ఫ్యాను బాగుచేసే మెకానిక్కుకూ బావమరిదికీ ఒకేసారి కబురు వెళ్ళింది. మెకానిక్కు ఫ్యానును తిరిగేలా చేసి వెళ్ళిపోయాడు. బావమరిది మాత్రం పళ్ళ పెట్టె మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లోకి తల దూర్చాడు. తక్కెడకు ఒళ్ళు మండిపోతోంది.

"ఆ మూలది చచ్చిందా?"

"లేదు బావా, భేషుగ్గా ఉంది. వేడెక్కిన సంగతి దానికి తెలుసు."

"తెలిస్తే చెప్పదేం?"

"అడిగితేనే చెప్పే రకం ఇవి. దాన్నెవరూ అడగలేదు."

"తెర పొద్దస్తమానం అడుగుతూనే ఉందిగా?"

"అడుగుతోంది. తలుపు దగ్గరది తను దాచుకున్న పాత మాటే అందిస్తోంది. ప్రశ్న లోపలిదాకా పోనేలేదు."

"పాతదని దానికి తెలీదా?"

బావమరిది ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. "పేరులో సమయం ఉంటే తెలిసేది. మొదట పెట్టాను కూడా. పేరు పొడుగైతే కబురు ఒక్క పొట్లంలో పట్టదు, రెండుగా పంపాలి, బ్యాటరీ తినేస్తుంది. అందుకని సమయం తీసేశాను. దాచిన మాటకు గడువూ తీసేశాను. బ్యాటరీ నిలవాలన్నది మీరేగా."

"బ్యాటరీ నిలవాలన్నాను. అబద్ధం నిలవాలన్నానా?"

"అబద్ధం కాదు బావా. ఒకప్పటి నిజం."

"మీ ఒకప్పటి నిజంతో నా పళ్ళు మగ్గాయి," అంది తోటావిడ. "బండికి చెప్పాను. మిగిలినవి వేరే గోదాముకు తీసుకుపోతా."

గది మొత్తం ఖాళీ అయ్యాక తలుపు ఎన్నిసార్లు తీస్తే ఏం, తియ్యకపోతే ఏం. "సమయం మళ్ళీ పెట్టు," అన్నాడు తక్కెడ పళ్ళు నూరుతూ. "చోటు చాలకపోతే అందులోంచి గోదాము పేరు కొట్టెయ్. మనకున్నది ఒక్క గోదామేగా. గదికి ఒక అక్షరం, మూలకు ఒక అక్షరం చాలు. గడువు దాటిన మాట తలుపు దగ్గరది చెప్పకూడదు."

"గడువు దాటినప్పుడల్లా లోపలిదాకా అడగాలి, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. మాటిమాటికీ తలుపు తియ్యాలి."

"తీస్తాం. తియ్యక ఏం చేస్తాం."

బండి వచ్చేసరికి కొత్త పేర్లు ఎక్కాయి. తోటావిడ ఎవరి మాటా వినదలచుకోలేదు. తానే లోపలికి పోయి, మూలనున్న పరికరాన్ని గుప్పిట్లో బిగించి నిలబడింది. బయట తెర ఖాళీ అయిపోయింది.

"ఇదేం ఖర్మరా, ఉన్నదీ పోయింది," అన్నాడు తక్కెడ.

"ఉండండి. తలుపు దగ్గరది పాత మాట చెప్పడం మానేసి లోపలి మూలదాన్ని అడుగుతోంది."

ఇద్దరూ ఖాళీ తెర ముందు నిలబడ్డారు. తక్కెడ రెండుసార్లు ఆ తెరను అరచేత్తో తట్టబోయి ఆగాడు. ఎంతసేపటికో అంకె వచ్చింది, పక్కనే సమయంతో. ఆవిడ గుప్పిటి వెచ్చదనానికి అంకె పెరిగింది, మళ్ళీ తెర ఖాళీ అయింది, ఇంకా పెరిగి వచ్చింది.

తోటావిడ బయటికి వచ్చి, పెరిగిన అంకెను చూసింది. "ముందు వరసలు ఇక్కడే ఉంచు. వెనకవి రసం ఫ్యాక్టరీకి పంపిస్తా," అంది.

"వచ్చే పంట సంగతమ్మా?"

"అప్పుడు చూద్దాం."

ఆ తర్వాత బ్యాటరీలు మార్చీ మార్చీ తక్కెడ వేళ్ళు కొంకర్లు పోయాయి. తలుపు తీసిన ప్రతిసారీ చలి పోతోందని గొణిగాడు. తెర ఖాళీ అయినప్పుడల్లా బావమరిదిని తిట్టుకుంటూ లోపలికి పోయి చేత్తో తడిమి చూశాడు. లెక్క కట్టి చూస్తే పోయినవి వెనక వరసలు, ఇంట్లో ప్రశాంతత. ఇక ఆ ఏడు లాభం కింద రాసుకోవడానికి మిగిలింది సగం గది గట్టి పళ్ళూ, ఆవిడ నోటినుంచి రావలసిన 'వద్దు'కు బదులు వచ్చిన ఒక 'చూద్దాం' మాత్రమే.