మూడు మడతలు

మా అత్తగారి నాటక సమాజంలో ఎవరూ ఎవరికీ "బాగా చెయ్యి" అని చెప్పరు. స్టేజి ఎక్కబోయేవాళ్ళ భుజం తట్టి "గడప చూసుకో" అంటారు. కోడలిగా వచ్చిన కొత్తలో ఆ మాట విని, ఆ గడప ఎక్కడుందా అని స్టేజి పక్కనుండే వింగ్‌లోంచి స్టేజి దాకా నేలంతా వెతికాను. నున్నటి చెక్క తప్ప ఏమీ లేదు. మేకప్ వేసే పెద్దాయన్ని అడిగాను. సమాజంలో అందరికీ ఆయన రంగుల బాబాయి.

"ఇక్కడ కాదమ్మా, పాత హాల్లో ఉండేది. జానెడెత్తు. దానికి తట్టుకుని పడనివాడు లేడు. రాజు వేషం వేసినవాడు కిరీటంతో సహా బోర్లాపడ్డాడు. ఆ హాలు పడగొట్టి ముప్ఫయ్యేళ్ళయింది."

"మరి ఇంకా ఎందుకు అంటున్నారు బాబాయ్?"

"అనకపోతే పడతారేమోనని."

అక్కడ ఈల వెయ్యడం కూడా నిషేధం. ఎవరైనా మరిచిపోయి ఈల వేస్తే తెర తాత చేతికర్రతో వస్తాడు. తెర లాగే ఆయన కాబట్టి తెర తాత. పూర్వం పైన తాళ్ళు పట్టుకున్నవాళ్ళకి ఈలతోనే సైగ చేసేవారట. కింద ఎవడో సరదాకి ఈల వేస్తే పైనుంచి ఇసుకబస్తా దిగేదట. ఇప్పుడు పైన బస్తాలూ లేవు, మనుషులూ లేరు. కర్ర మాత్రం ఉంది.

నాకు ఇలాంటివాటికి కారణం తెలిసేదాకా తోచదు. తెలిశాక, ఇంకా ఎందుకు పట్టుకు వేలాడుతున్నారని అడగబుద్ధవుతుంది. అత్తగారు నవ్వేసేవారు. "నీకు కారణం దొరికితే చాలు అమ్మాయ్. మాకు స్టేజి మీద కాళ్ళు వణక్కుండా ఉండాలి."

అన్నిటిలోకీ గట్టి ఆచారం ఇంకొకటుంది. నాటకంలో ఆఖరి మాట మొదటి ప్రదర్శన దాకా ఎవరూ పైకి అనకూడదు. అది రాతప్రతిలో కూడా ఉండదు. మాస్టారు, అంటే నాటకం రాసేదీ ఆడించేదీ ఆయనే, ఆ మాటని ఒక చీటీ మీద రాసి, చెప్పాల్సినవాళ్ళకి ఒక్కసారి చూపించి, మళ్ళీ చొక్కా జేబులో పెట్టేసుకుంటారు. రిహార్సల్‌లో ఆ చోటు రాగానే అందరూ ఒక చప్పట కొట్టి ఇళ్ళకి పోతారు.

ఆ ఏడు వేస్తున్నది ఒక మంత్రసాని కథ. ఊళ్ళో ఆస్పత్రి వచ్చాక పని పోయిన మంత్రసాని. ఆ వేషం అత్తగారిది. చీటీ మొదటివారంలోనే చూశారు. మూడోవారంలో ఒకరోజు పొద్దున్నే టీ కప్పు ఆవిడ కుడిచేతిలోంచి జారిపోయింది. జారిందని ఆవిడకి తెలియలేదు. తలలో సన్నటి రక్తనాళం ఒకటి మూసుకుందన్నాడు డాక్టరు. ప్రమాదం తప్పింది. చెయ్యి నెమ్మదిగా దారికొస్తుంది, మాటలు మాత్రం కొన్నాళ్ళు దొంగాట ఆడతాయి, తొందరపెట్టకండి అన్నాడు.

మొదటి ప్రదర్శన దాకా తొందరపెట్టకపోవడానికి ఐదు వారాలే ఉన్నాయి.

పదిరోజులకే ఆవిడ రిహార్సల్‌కి బయల్దేరారు. ఆ రోజు నుంచి నేనూ వెంట వెళ్ళాను. మాటలు అందించే ప్రాంప్టర్ మానేసి పోయాడు కాబట్టి పుస్తకం పట్టుకుని వింగ్‌లో కూర్చోమన్నారు మాస్టారు. మంత్రసాని కూతురి వేషం వేసే అమ్మాయికి తన మాటలతోపాటు అత్తగారి మాటలూ నోటికొచ్చు. మంచి పిల్లే. కానీ అత్తగారు తడబడినప్పుడల్లా ఆ అమ్మాయి పెదవులు కదిలేవి. అది నేనూ చూశాను, మాస్టారూ చూశారు. ఈ నాటకం ఆవిడ చేతిలోంచి జారితే ఇంకో నాటకం రాదని అందరికీ తెలుసు, అందరికంటే ముందు ఆవిడకి తెలుసు.

ఇంట్లో పొద్దున పదకొండుకి, వంట అయ్యాక, పుస్తకం తీసేదాన్ని. మొదటివారం ఘోరం. ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడకేసి చూసేవారు. రెండు మాటలు వచ్చేవి, మూడోది రాదు.

"అందించనా అత్తయ్యా?"

"వద్దు. గొంతుదాకా వచ్చింది. నువ్వు మాట్లాడితే మళ్ళీ దిగిపోతుంది."

ఒకరోజు వాన మబ్బు పట్టింది. ఆరేసిన బట్టలు గబగబా తెచ్చి మంచం మీద పడేశాను. ఆవిడ ఊరికే ఉండలేక ఒక తువ్వాలు అందుకుని మడవడం మొదలుపెట్టారు. కుడిచెయ్యి సరిగా సాగదు కాబట్టి పని ఎడమచేతిది, కుడిచెయ్యి బరువు పెట్టడానికి. మడుస్తూ మడుస్తూ, నాతో కాదు, తువ్వాలుతో మాట్లాడుతున్నట్టు, రెండో అంకం ఎత్తుకున్నారు. అంకమంతా వచ్చేసింది. నేను పుస్తకం తెరిచి చూస్తే ఒక్క మాట జారలేదు.

మర్నాడు బట్టలు లేవు. మాటలూ రాలేదు. ఆ మర్నాడు చిక్కుళ్ళు ముందు పెట్టాను. ఈనెలు తీస్తుంటే మొదటి అంకం వచ్చింది. అప్పటికి నాకు సంగతి అర్థమయింది. చేతులకి పని ఉంటే ఆవిడ మాటలు వాటంతట అవే నడిచొస్తాయి. చేతులు ఖాళీగా ఉంటే అవి ఎదురుచూస్తాయి, దాంతో మాటలు బెదిరిపోతాయి.

ఆ తరవాత ఇంట్లో ఉతకనక్కర్లేనివన్నీ ఉతికాను. ఒకరోజు మా ఆయన ఆఫీసునుంచి వచ్చి, తీగనిండా వేలాడుతున్నవి చూసి, "ఈ ఇంట్లో నాకంటే తువ్వాళ్ళే ఎక్కువ స్నానాలు చేస్తున్నాయి" అన్నారు.

"నువ్వూ రా, నిన్నూ మడిచి పెడతాం" అన్నారు అత్తగారు. ఆ మాటలో ఏ తడబాటూ లేదు.

మూడో అంకం కూడా వచ్చేసింది. చివరి మాట ఒక్కటే మిగిలింది. అది ఏమిటో నాకు తెలియదు. ఆవిడకి గుర్తుందో లేదో కూడా తెలియదు.

"మాస్టారిని ఒక్కసారి చీటీ అడగండి అత్తయ్యా. ఇంకోసారి చూస్తే పోయిందేముంది?"

ఆవిడ అంచులు సరిచేస్తున్న తువ్వాలుని కిందపెట్టారు. "అడిగానంటే మర్చిపోయాననేగా. మర్చిపోయినదానికి వేషం ఎందుకు?"

"గుర్తుందా మరి?"

"మొదటి రోజు దాకా అనకూడదు" అన్నారు. అంతకుమించి ఆ ఊసు ఎత్తనివ్వలేదు.

ఇక నేనే వెళ్ళాను. మాస్టారి గది హాలు వెనక. బల్ల మీద కాగితాలు, వాటి మీద ఎండిపోయిన గమ్ సీసా, ఒక కాలు పొట్టిదైన కుర్చీ. కూర్చోగానే అది ఒక పక్కకి ఒరిగింది.

"ఈ చివరి మాట ఆచారం ఎలా వచ్చింది మాస్టారూ?" అన్నాను. తిన్నగా చీటీ అడగడానికి నోరు రాలేదు.

"రంగుల బాబాయి ఏం చెప్పాడు?"

"ఎవరో ముందే అనేస్తే దీపాలన్నీ ఆరిపోయాయన్నాడు. తెర తాతేమో, ఆ మాట వింటే తన చేతులు వాటంతట అవే తెర దించేస్తాయని, ఒకసారి మేకులు కొడుతున్న వడ్రంగి నెత్తిన దించేశానని చెప్పాడు."

మాస్టారు చాలాసేపు నవ్వారు. తరవాత గొంతు తగ్గించారు. "రెండూ కాదు. మా మొట్టమొదటి నాటకానికి నాకు ఆఖరి మాట తట్టలేదమ్మా. రేపు ప్రదర్శననగా కూడా తట్టలేదు. అందరూ మీదపడి అడుగుతున్నారు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. రాయలేకపోయానని చెప్పడానికి సిగ్గేసి, ముందే అంటే అచ్చిరాదన్నాను. ప్రదర్శన రోజు మధ్యాహ్నం మూడింటికి తట్టింది. నాటకం బ్రహ్మాండంగా ఆడింది. ఇక వాళ్ళు నన్ను వదిలితేనా?"

"అయితే అది ఆచారమే కాదుగా. ఆ చీటీ..."

ఆయన చెయ్యి జేబు మీదికి వెళ్ళి ఆగింది. "ఆవిడ అడగమన్నారా?"

"లేదు."

"అయితే నువ్వూ అడగలేదు." తలుపుదాకా వచ్చి సాగనంపుతూ అన్నారు. "అబద్ధంతో మొదలుపెట్టింది నేనే. కానీ నలభయ్యేళ్ళు నా పరువు వీళ్ళు కాపాడారు. ఇప్పుడు ఆవిడ పరువు నేను పోగొడితే ఎలాగమ్మా?"

ఇంకో చిక్కు కూడా ఉంది. చివరి రంగంలో మంత్రసాని గదిలో ఒంటరిగా నిలబడాలి. పక్కన కుర్చీ, కుర్చీ వీపు మీద ఒక తెల్ల తువ్వాలు, బల్ల మీద దీపం. మాస్టారు పుస్తకంలో గీత గీసి మరీ రాశారు: చేతులు కదలకూడదు, ఆ చేతులకి ఇక పని లేదు. చదువుతుంటే ఎంత బాగుందో. నాకు మాత్రం చదివినప్పుడల్లా చిక్కుళ్ళూ తువ్వాళ్ళూ గుర్తొచ్చేవి.

మొదటి ప్రదర్శన ఆదివారం మధ్యాహ్నం. రంగుల బాబాయి అలవాటు ప్రకారం మొదటి చుక్క అద్దానికి పెట్టి, రెండోది అత్తగారి నుదుట పెట్టాడు. ఒక్కొక్కరే వచ్చి ఆవిడ భుజం తట్టారు. "గడప చూసుకో." కూతురి వేషం అమ్మాయి కూడా వచ్చింది. భుజం తట్టి, ఒక్క క్షణం ఆగి, "నేను ఇవాళ నోరు కదపను పిన్నీ" అంది.

"కదపకు. నీ లిప్‌స్టిక్ పాడవుతుంది" అన్నారు అత్తగారు.

మొదటి రెండు అంకాల్లో ఆవిడ చేతులకి బోలెడు పని. నీళ్ళు కాచడం, గుడ్డలు చింపడం, ముడులు వెయ్యడం. మాటలు ధారగా వచ్చాయి. మూడో అంకంలో ఒక్కచోట ఆగబోయి, చెంగు కొస మెలిపెట్టి దాటేశారు. నేను పుస్తకం మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. చివరి పేజీ సగానికే అయిపోయింది. కింద అంతా తెల్లకాగితం.

కూతురు వెళ్ళిపోయింది. ఆవిడ ఒంటరిగా నిలబడ్డారు, చేతులు కదలకుండా. చెప్పినట్టే.

ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. పది దాకా అది నటనే. పదిహేను దాటాక తెర తాత నా వైపు చూశాడు. నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. ఆ మాట తెలిసిన మరో మనిషి హాల్లో ఆఖరి వరసలో కూర్చుని ఉన్నారు. కూతురి వేషం అమ్మాయి నా పక్కనే చేత్తో నోరు మూసుకుని నిలబడింది. హాల్లో ఎవరో దగ్గారు.

అప్పుడు అత్తగారి కళ్ళు తువ్వాలు మీద పడ్డాయి. ఎడమచెయ్యి వెళ్ళి దాన్ని అందుకుంది. బల్ల మీద పరిచారు. కుడిచేత్తో ఒక కొస అదిమిపట్టి, అంచుకి అంచు కలిపి, ఒక మడత వేసి అరచేత్తో సాపు చేశారు. రెండో మడత. దగ్గు ఆగిపోయింది. అందరూ ఆ చేతుల్నే చూస్తున్నారు. ఇన్నేళ్ళలో ఎంతమంది పసివాళ్ళని అందుకున్నాయో ఆ చేతులు అనిపించేలా, ఖాళీ తువ్వాలుని అంత పదిలంగా మడిచారు. మూడో మడత వేసి, దాన్ని దీపం పక్కన పెట్టి, తలుపుకేసి చూశారు.

"దీపం ఆర్పకండి. దారిలో ఇంకెవరో ఉన్నారు."

తెర తాత చేతులు వాటంతట అవే తెర దించేశాయి. చప్పట్లకి రెండుసార్లు తెర ఎత్తాల్సి వచ్చింది.

మాస్టారు వింగ్‌లోకి వచ్చేసరికి ఆవిడ కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నారు. "చేతులు కదలకూడదన్నారు. కదిపాను. క్షమించండి" అన్నారు.

ఆయన జేబులోంచి చీటీ తీసి నా చేతికిచ్చారు. అడగకుండానే. రెండుసార్లు చదివాను. అక్షరం తేడా లేదు. చీటీ వెనక్కి తీసుకుని, బల్లకి ఆనించి, ఆ మాటకి పైన పెన్నుతో ఇంకో ముక్క రాశారు: తువ్వాలు మడిచి.

"ముప్ఫయ్యేళ్ళు పనిచేసిన చేతులు ఊరికే ఉంటాయని రాశాను చూడండి. మా ఇంట్లో ఎవర్నడిగినా ఉండవని చెప్పేవాళ్ళు" అన్నారు.

ఇది జరిగి ఆరేళ్ళయింది. ఆ మంత్రసాని వేషం అత్తగారు నలభై రెండుసార్లు వేశారు. ఇప్పుడు వేషాలు మానేసి, రిహార్సల్స్‌కి వచ్చి, ముందు వరసలో కూర్చుంటారు. పుస్తకం నేనే పడుతున్నాను.

మొన్న కొత్త నాటకం మొదటి ప్రదర్శనకి గంట ముందు గ్రీన్‌రూములోకి వెళ్తే, అందరూ గుండ్రంగా నిలబడి ఉన్నారు. మధ్యలో బల్ల, బల్ల మీద తెల్ల తువ్వాలు. ఒక మూల బెంచీ మీద అత్తగారు ఉంటే నేనూ వెళ్ళి కూర్చున్నాను. నాటకంలో మంత్రసానీ లేదు, తువ్వాలూ లేదు. అయినా ఆఖరి మాట ఎవరిదైతే వాళ్ళు ముందుగా తువ్వాలు మూడు మడతలు వెయ్యాలి. అలా వేస్తే మాట మరిచిపోరు. ఎప్పటినుంచో వస్తోందిట.

"మూడే ఎందుకు?" అని అడిగింది కొత్తగా చేరిన అమ్మాయి. ఆ రోజు ఆఖరి మాట తనది.

"నిన్న, ఇవాళ, రేపు" అన్నాడు రంగుల బాబాయి.

"కాదు, మూడు అంకాలకి మూడు" అన్నాడు తెర తాత.

కారణం నాకు తెలుసు. మా ఇంట్లో బట్టల అలమారా అర ఇరుకు. నాలుగు మడతలు వేస్తే తువ్వాలు లావై తలుపు మూతపడదు, రెండైతే వెడల్పై బయటికి వస్తుంది. మా అత్తగారు ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ మూడే. ఆ మాట చెప్పబోయాను. పక్కన కూర్చున్న అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు, కుడిచేత్తో. గట్టిగానే పట్టుకున్నారు.

"పాపం, కాళ్ళు వణుకుతున్నాయి చూడు. మడవనీ" అన్నారు నా చెవిలో.

ఆ అమ్మాయి తువ్వాలు అందుకుంది. మొదటి మడత వంకరగా పడింది, ఒక అంచు రెండు వేళ్ళ మేర బయటికి వచ్చింది. నేను ఊరుకోలేకపోయాను. లేచి వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"అలా కాదమ్మా. విప్పు. ముందు ఎడమచేత్తో అందుకో, కుడిచేత్తో కొస అదిమిపట్టు. అంచుకి అంచు కలవాలి."

విప్పి, మళ్ళీ వేసింది. ఈసారి అంచులు కలిశాయి. మూడో మడత వేసి అరచేత్తో సాపు చేసేసరికి ఆ అమ్మాయి పెదవులు, చప్పుడు చెయ్యకుండా, తన ఆఖరి మాట అనుకుంటున్నాయి.

భుజం తట్టి, "గడప చూసుకో" అన్నాను.