రెండు వేళ్ళ బొంత

పిల్లనిచ్చిన మా అత్త బస్సు దిగి మా గుమ్మంలో కాలు పెట్టగానే, లోపల మా అమ్మ కుట్టుమిషను దానంతట అదే గిర్రున ఒక చుట్టు తిరిగింది. నమ్మకపోతే మీ ఇష్టం. పోటీకి మనిషి వస్తే మిషన్లకి ముందే తెలిసిపోతుంది.

ఇద్దరూ బొంతలు కుట్టడంలో ఆరితేరినవాళ్ళే. ఒకసారి గాలివానకి మా అమ్మ కుట్టిన బొంత దండెం మీంచి ఎగిరి పక్కింటి రేకులకి చుట్టుకుంది. రేకులన్నీ ఊడి వచ్చాయి గానీ బొంతలో ఒక్క కుట్టు ఊడలేదు. మా అత్త కుట్లయితే ఎంత సన్నమంటే, చీమ కూడా కళ్ళజోడు పెట్టుకుని వెతుక్కోవాలి. అలాంటి ఇద్దరినీ ఒకే ఇంట్లో ఒకే బొంత ముందు కూర్చోబెట్టింది మా ఆవిడ.

ఆవిడకి నెలలు నిండాయి. ఏ పూటైనా నొప్పులు రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. తొలి కాన్పు కదా, నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట అంది.

"ఏమండీ, బిడ్డ పుట్టేదాకా ఇద్దరూ ఇక్కడే ఉండాలి. మా అమ్మ లేకపోతే నాకు భయం. మీ అమ్మ లేకపోతే మా అమ్మకి భయం."

అదీ నిజమే. మా అమ్మ ఇంటెడు పిల్లల్ని కని, వీధిలో సగం మంది కాన్పులకి తోడు వెళ్ళిన మనిషి. మా అత్త దగ్గరుండి చూసిన కాన్పు ఒక్కటే. అది తనదే, అప్పుడు కూడా ఆవిడ స్పృహలో లేదు.

చిక్కల్లా ఏమిటంటే, ఈ వియ్యపురాళ్ళకి క్షణం పడదు. మా అత్త మూతి ముడుచుకుని సంచి సర్దుకోవడం, మా అమ్మ "బస్సులకేం కొదవ వదినగారూ, గంటకొకటి ఉంది" అనడం, మా ఆవిడ ఏడుపు మొహం పెట్టడం. పనిలో పడితేనైనా నోళ్ళు మూతపడతాయని మా ఆవిడ పుట్టబోయే బిడ్డకి బొంత కుట్టమంది, చెరి సగం.

పాత దుప్పట్లు, పరదాలు, గౌన్లు ముందేసుకుని, అట్టముక్క ఆనించి అన్నీ ఒకే కొలతకి కత్తిరించారు. అతుకు దగ్గర ఎంత బట్ట లోపలికి పోవాలో కూడా ముందే అనుకున్నారు.

"మడత వేలు వెడల్పున పెడదామా వదినగారూ?" అంది అమ్మ.

"అంతే పెట్టాలి వదినగారూ. తగ్గితే విడిపోతుంది, పెరిగితే లోపల గట్టు కడుతుంది."

ఇద్దరూ ఒక మాట మీద ఉండటం చూసి గోడ మీది బల్లి పట్టుతప్పి కింద పడింది.

అమ్మ ముందు గదిలో మిషను మీద, అత్త వంటింటి కిటికీ దగ్గర చేత్తో, ఒకరి పని ఒకరు చూడకుండా కుట్టారు. చివరికి రెండు సగాలూ తెచ్చి మంచం మీద పక్కపక్కన పరిచారు. మొదటి మూలలు అద్దంలో బొమ్మల్లా కలిశాయి. రెండో వరసలో కాస్త తేడా. మూడో వరసకి అమ్మ ఎర్ర ముక్క అత్త తెల్ల ముక్క మీద కన్నేసింది. కిందికి వచ్చేసరికి ఎవరి మూల ఎక్కడుందో వాళ్ళకే తెలియదు. అడుగున అత్త సగం జానెడు పొడుగు మిగిలి, నాలుక బయటపెట్టి వెక్కిరించినట్టు వేలాడింది. మా పిల్లి రెండు సగాల మధ్య అంచు వెంట నడవబోయి, మధ్యలో కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది.

"మీ సగం సాగిపోయింది వదినగారూ. చేత్తో కుట్టేవాళ్ళు బట్టని లాగకుండా ఉండలేరు పాపం."

"నాదేం సాగలేదు. మీదే కుంచించుకుపోయింది. మీరు మిషను తొక్కే తొక్కుడికి బట్ట హడలి ముడుచుకుంది."

"ఒరేయ్, చూస్తావేంరా! నా సగం కొస పట్టుకుని లాగు!" అంది అమ్మ.

నేను గోడలకి రంగులేసేవాణ్ణి. బొంతల సంగతి నాకేం తెలుసు? లాగమంటే లాగాను. గళ్ళ ముక్కలో గళ్ళన్నీ చారలయ్యేదాకా లాగాను. వదలగానే అమ్మ సగం మళ్ళీ పొట్టిదయింది, నేను వెళ్ళి రంగు డబ్బా మీద కూలబడ్డాను.

"నా సగం నాకిచ్చేయండి," అంటూ అత్త కత్తెర తీసింది. "ఇప్పుడే బస్సుకి పోతాను."

"పట్టుకెళ్ళండి. మీ సగం మీ ఊళ్ళో కప్పుకోండి."

మా ఆవిడ మొహం సున్నం కొట్టినట్టయింది. నడుం పట్టుకుని వచ్చి, రెండు సగాలూ తిరగేసి, అతుకుల వెనక వైపు చూసింది.

"అమ్మా, నీ వేలు ఇక్కడ పెట్టు. అత్తయ్యా, మీరూ పెట్టండి."

పక్కపక్కన పెట్టారు. మా అమ్మ వేలు అరటిపండు. మా అత్త వేలు బెండకాయ.

"వేలు వెడల్పు అనుకున్నారు సరే. ఎవరి వేలో అనుకున్నారా?" అంది మా ఆవిడ. "ప్రతి అతుకులోనూ మిషను మీద అత్తయ్య వేలు కాస్త ఎక్కువ బట్ట తినేసింది. తింటూ తింటూ పోతే కింద జానెడు తేడా రాదా మరి?"

ఇద్దరూ ఒకరి వేలు ఒకరు తేరిపార చూశారు. అమ్మయ్య అనుకునేలోపే మళ్ళీ మొదలు.

"చూశారా, మీ వేలే తప్పు!"

"నాది దేవుడిచ్చిన వేలండీ!"

"నాదేం బజార్లో కొన్నానా?"

"పోనీ ఎవరో ఒకరు విప్పి కుట్టండి," అంది మా ఆవిడ.

"నా కుట్టు విప్పితే ఈ ఇంట్లో మంచినీళ్ళు ముట్టను," అంది అత్త. అమ్మ తన సగం మీద ఎక్కి కూర్చుంది. అత్త సంచి భుజాన వేసుకుంది.

మా ఆవిడ కళ్ళనిండా నీళ్ళతో గదంతా చూసింది. చూపు వచ్చి నా మీద ఆగింది.

"ఏమండీ, చొక్కా విప్పండి."

"ఎందుకు?"

"రెండు సగాలూ ఆనుకుని ఉంటేనే కదా మూలలు కలవలేదని తెలిసేది! మధ్యలో పొడుగ్గా రోడ్డులా మీ చొక్కా పట్టీ వేశామనుకోండి, రోడ్డుకి అటొక వరస ఇళ్ళు, ఇటొక వరస ఇళ్ళు. ఎదురెదురు గుమ్మాలు కలవలేదని ఎవరడుగుతారు?"

అమ్మ, అత్త ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ నా చొక్కా చూశారు. నేను వెనక్కి జరిగాను.

"ఇది కొత్తదమ్మా!"

"నిండు పసుపు. పట్టీకి భలే ఉంటుంది వదినగారూ."

"వీపుని చీలికలు చేసి కలిపితే సరిపోతుంది వదినగారూ. చేతులు మీ సగం కింద అతికితే జానెడూ పూడుతుంది."

"జేబు పారేయొద్దు, ఒక మూల కుడదాం."

చెరొక వైపు పట్టుకుని లాగారు. నేను ఒలిచిన ఉల్లిపాయలా బయటికొచ్చాను. పట్టీకి మడత ఎంత అని ఇద్దరూ నోరు తెరవబోతుంటే మా ఆవిడ తన వేలు బట్ట మీద ఆనించింది. "ఇంత. ఇంక మాట్లాడితే ఊరుకోను."

ఎండ తగ్గేసరికి బొంత తయారైంది. ఏ మూలా కలవలేదు, కలవలేదని కనపడనూ లేదు. అయినా అత్త చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. గుమ్మం దిగబోతూ వెనక్కి చూసింది. అమ్మ చేతిలో కత్తెర ఉంది.

"వదినగారూ, ఏం చేస్తున్నారు?"

"దారం కత్తిరిస్తున్నాను."

"నా సగంలోనా?"

చెప్పులు మళ్ళీ బయటికెళ్ళాయి, సంచి లోపలికొచ్చింది.

"అమ్మాయ్, నేను వెళ్ళను. నేను అటు బస్సెక్కితే ఈవిడ ఇటు నా కుట్లన్నీ విప్పేస్తుంది. బిడ్డ కప్పుకునేదాకా కాపలా ఉంటాను."

"ఉండండి వదినగారూ, నాకూ అదే నిశ్చింత. కళ్ళెదుట ఉంటే నా సగం మీరు విప్పలేరు."

మా ఆవిడ హాయిగా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆపి నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఏమండీ... ఆటో!"

ఆసుపత్రి దాకా వాళ్ళిద్దరూ బొంత వదల్లేదు. ఇటు కొస ఒకరు, అటు కొస ఒకరు, మధ్యలో మా ఆవిడ. కాన్పు గది దగ్గర నర్సమ్మ అడ్డం నిలబడింది.

"తోడు ఒక్కరే రావాలి."

"నేనొస్తాను," అంది అత్త.

"బొంత నా చేతిలో ఉందమ్మా," అంది అమ్మ.

"నా చేతిలోనూ ఉంది!"

నర్సమ్మ ఇటు లాగి చూసింది, అటు లాగి చూసింది. గుమ్మం పగిలేలా ఉంది గానీ బొంత తెగేలా లేదు. చేసేదేం లేక రెండో తలుపు కూడా తీసింది. బొంతతో సహా ఇద్దరూ లోపలికి వెళ్ళిపోయారు.

వెనకే నేనూ వెళ్ళబోయాను. చొక్కా లేదని నన్ను ఆపేశారు.