తాడు రెండో కొస

కొట్టు నడవక ఖాళీగా కూర్చున్నవాణ్ణి ఈగలు తోలుకుంటున్నాడు అంటాం కదా. చేతినిండా పని ఉండి కూడా ఈగలు తోలుకోవలసి వచ్చిన ఒక ఇల్లాలి సంగతి ఇది.

ఆమె పొద్దున్నే వంట చేసి, ఇరవై రెండు భోజనం క్యారేజీలు కట్టి ఆఫీసులకు పంపుతుంది. వీధిలో అందరికీ ఆమె క్యారేజీలక్క. భర్త బడిలో గుమాస్తా. అత్తగారు ముప్ఫై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మోకాళ్లు మొరాయించినా ఆవిడ నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

ఒక శనివారం వంటింటి కిటికీ మీద రెండు ఈగలు కనిపించాయి. సోమవారానికి అవి రెండొందలయ్యాయి. గిన్నె మీద మూత తీస్తే చాలు, పిలవని చుట్టాల్లా దిగబడేవి. అత్తగారి కళ్లద్దాల మీద, గరిటె కాడ మీద, గోడ క్యాలెండరు మీద, ఎక్కడ చూసినా అవే. నిమ్మచెక్కల్లో లవంగాలు గుచ్చి పెడితే వాటి మీదే తీరిగ్గా వాలాయి. మందు కొడదామంటే అది వండే చోటు. ఫ్యాను వేస్తే పొయ్యి ఆరిపోతుంది. పాపం, ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఒక ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. "అక్కా, ఏమనుకోకు. కూరలో ఈగ వచ్చింది."

కోప్పడలేదు, నెమ్మదిగానే చెప్పాడు. దానికే ఆమెకు తల కొట్టేసినట్టయింది. కూతురి చదువు నడిచేది ఆ క్యారేజీల మీదే. ఏడేళ్లుగా సంపాదించుకున్న పేరు ఏడు రోజుల్లో పోయేలా ఉంది.

"ఊరికే చంపుతూ కూర్చుంటే ఎప్పటికి తరుగుతాయే? ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడు," అంది అత్తగారు. ఆవిడే పెరటి గుమ్మంలో కుర్చీ వేయించుకుని గంటసేపు కనిపెట్టి చూసింది. పెరట్లో సెప్టిక్ ట్యాంకు మీది పలక ఎప్పుడో పగిలింది. ఆ పగులు కనబడకుండా రెండేళ్ల కిందట వీళ్లే దాని మీద ఒక పూలకుండీ పెట్టారు. కుండీ జరపగానే ఈగలు గుప్పున లేచాయి.

ఆ పూట సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న భర్త వెంటనే ట్యాంకు తోడే లారీకి ఫోన్ చేశాడు. గురువారం దాకా రాదన్నారు.

"గురువారమా! మూడు రోజులు వంట ఆపితే వాళ్లంతా ఇంకో చోట కుదురుకోరూ?" అని ఆమె నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

భర్త అలా బయటికి వెళ్లి, గంటలో ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. బక్కపలచటి ఒళ్లు, చేతిలో బకెట్టు, గునపం, భుజాన తాడు.

"లారీ ఎందుకక్కా? నేను దిగి సాయంత్రానికి ఖాళీ చేసి పెడతా," అన్నాడతను.

"లోపలికి దిగుతాడా?" అని ఆమె భర్తను పక్కకు పిలిచి అడిగింది.

"వాళ్లకి అలవాటేలే," అన్నాడు భర్త.

ఆయన చెడ్డవాడేం కాదు. పనివాళ్లు వస్తే మంచినీళ్లు తానే తెచ్చిచ్చే మనిషి. అలాంటి మనిషి నోట కూడా ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో చూడండి. నిజం చెప్పాలంటే, అది విని ఆమె మనసు కూడా కుదుటపడింది.

అతను గునపంతో పలక తప్పించాడు. చొక్కా విప్పి, మడిచి, ఫోన్ దాని జేబులో పెట్టి, పెరటి మెట్టు మీద ఉంచాడు. తాడు నడుముకు రెండు ముళ్లు వేసుకుని, రెండో కొస తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"గట్టిగా పట్టుకోక్కా. నేను లోపల మాట్లాడుతూనే ఉంటా. మాట ఆగితే లాగు."

"లాగడమేంటి?"

"ఊరికే, జాగ్రత్తకి. ఇదివరకు మా బావమరిది పట్టుకునేవాడు."

"ఇవాళ రాలేదా?"

అతను ముడి బిగించుకుంటూ చెప్పాడు. "పోయినేడు పోయాడక్కా. ఇలాంటి దాంట్లోనే. ఆ రోజు మా దగ్గర తాడు లేదు. ఈ తాడు ఆ తర్వాత కొన్నదే."

ఆమె చేతిలోని తాడు వంక చూసుకుంది. ఎన్ని క్యారేజీలు మోసినా, ఒక మనిషిని గోతిలోంచి లాగేంత బలం ఆ చేతుల్లో లేదు. ఆ మనిషి మాట ఆగిపోతే తను ఏం చెయ్యగలదు? అప్పటికే అతను అంచున కూర్చుని ఒక కాలు లోపలికి వేశాడు.

"వద్దు! దిగొద్దు!" అని అరుస్తూ ఆమె ఉన్న బలమంతా పెట్టి తాడు లాగింది. అతను వెల్లకిలా పడ్డాడు.

"ఓయమ్మో! నేనింకా దిగలేదక్కా!"

"దిగక్కర్లేదు. లే."

అతనికి చిర్రెత్తుకొచ్చింది. "దిగకపోతే ఇవాళ నాకు కూలెవరిస్తారు? నాకిది అలవాటేనమ్మా!"

గుమ్మంలోంచి అత్తగారు అందుకుంది. "ఏం అలవాటు నాయనా? ఇలా దిగినవాళ్లను మా ఆసుపత్రికి తెచ్చేవాళ్లు. ఒకణ్ణి తియ్యడానికి ఇంకొకడు దిగి, ఇద్దరూ ఒకే బండిలో వచ్చేవాళ్లు. లోపలి విషపు గాలి కంటికి కనబడదు. రెండుసార్లు పీలిస్తే చాలు. ఇన్నాళ్లూ నువ్వు అలవాటు పడలేదు, అదృష్టం బాగుండి బతికావంతే." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఏరా, అలవాటే అన్నావుగా? వాడి బిడ్డలకి తండ్రి లేకుండా బతకడం కూడా అలవాటవుతుందా?"

కొడుకు వెళ్లి, మెట్టు మీది చొక్కా తీసి అతనికి అందించాడు.

"తప్పు మాట అన్నాను. ఈ పగిలిన పలక బదులు సిమెంటుతో కొత్తది పోసి పెట్టు. కూలి ఒప్పుకున్నంతా ఇస్తాను. గురువారం లారీ వచ్చినప్పుడు నువ్వూ రా, పైన నిలబడి చూద్దువుగాని."

అతను ముందు ట్యాంకు నోటికి మందపాటి టార్పాలిన్ పట్టా పరిచి, అంచుల చుట్టూ తడిమట్టి మెత్తాడు. గాలి గొట్టానికి సన్నటి వల కట్టాడు. ఆ తర్వాత పెరట్లో ఓ పక్కన కొత్త పలక పోశాడు. ఈగలు ఒక్కపూటలో పోలేదుగానీ, కొత్తవి రావడం ఆగింది. క్యారేజీలక్క ఇరవై రెండు మందికీ ఫోన్ చేసి ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. నలుగురు క్యారేజీలు మానేశారు. ఆమె బాధపడింది, కానీ పశ్చాత్తాపపడలేదు.

గురువారం లారీ వచ్చింది. గొట్టం లోపలికి దిగింది, మనిషి దిగలేదు. అతను చొక్కా గుండీలన్నీ పెట్టుకుని పైనే నిలబడి, "ఇటు తిప్పు, అటు తిప్పు" అని డ్రైవరు మీద పెత్తనం చేశాడు. అలా కేకలేస్తుంటే అతను వేరే మనిషిలా కనిపించాడు.

పని అయ్యి కొత్త పలక మూశాక, అందరి ముందే అతనికి అన్నం వడ్డిస్తూ క్యారేజీలక్క అడిగింది. "ఆ తాడేది, ఇవాళ తేలేదు?"

"ఇంట్లో ఉందక్కా. ఇంక దిగనని చెప్పానని మా ఆవిడ దాన్ని వాకిట్లో బట్టలారేసుకోవడానికి కట్టేసింది," అని నవ్వాడు.

చదువరులారా, మన ఇంటి మురికి కోసం ఒక మనిషిని గోతిలోకి దింపి "వాళ్లకి అలవాటే" అనుకునే ముందు, ఆ తాడు రెండో కొస మన చేతిలోనే ఉందని గుర్తుంచుకోండి. చావు ఎవరికీ అలవాటు కాదు.