మందుల షాపాయన గొంతు

తల్లి వంటింటి గుమ్మం దగ్గర కళ్లు తిరిగి పడిపోయినప్పుడు చిలక ఇంట్లోనే ఉన్నాడు. ఆదివారం ప్రదర్శన కోసం అద్దం ముందు సాధన చేసుకుంటున్నాడు. అతను మిమిక్రీ కళాకారుడు. ఎవరి గొంతు విన్నా ఇట్టే పట్టేస్తాడని వీధిలోవాళ్లు ఆ పేరు పెట్టారు. ఇప్పుడు కన్నతల్లి కూడా అలాగే పిలుస్తుంది.

డాక్టరు వచ్చి చూసి భయం లేదన్నాడు. తిన్నాక వేసుకోవలసిన కొత్త షుగరు మాత్రను ఆవిడ పరగడుపున వేసుకుంది. పంచదార నీళ్లు తాగించాక నెమ్మదిగా లేచి కూర్చుంది. మళ్లీ ఇలా జరిగితే ఇంత తేలిగ్గా పోదని మాత్రం డాక్టరు గట్టిగానే చెప్పి వెళ్లాడు.

చిలక భార్య మాత్రల అట్ట తిప్పి చూసింది. వెనకవైపు పెన్నుతో శుభ్రంగా రాసి ఉంది, తిన్నాక ఒకటి అని.

"మందుల షాపాయన రాసిచ్చాడుగా అత్తయ్యా. నోటితో చెప్పలేదా?"

"ఆయన ఈమధ్య మాట్లాడట్లేదమ్మా," అంది ముసలావిడ. "నాకు చదువు రాదని ఆయనకి తెలుసు. చెబుదామనే నోరు తెరిచాడు. నా వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఇంక చెప్పలేదు."

ఆ మాట అంటూ ఆవిడ కొడుకు వైపు చూడలేదు. చూసి నాలుగు తిట్టినా బాగుండేది.

వీధి చివర మందుల షాపాయన ఏ మందు ఇచ్చినా వాడే పద్ధతి మూడుసార్లు చెబుతాడు. చెప్పిన కొద్దీ గొంతు తగ్గుతుంది. ముందుపళ్ల సందులోంచి సన్నగా ఈల వస్తుంది. 'తిన్నాకే. తిన్నాకే తల్లీ. ఏం చెప్పాను? తిన్నాకే.' చిలక దీన్ని ఒక అంశంగా అల్లాడు. అందులో షాపాయన దొంగకీ అదే చెబుతాడు, పెళ్లికొడుక్కీ అదే చెబుతాడు, చివరికి శవం చెవిలో కూడా అదే చెబుతాడు. జనం కుర్చీల్లోంచి జారిపడి నవ్వారు. ఎవరో దాన్ని ఫోన్లలోకి ఎక్కించారు. అప్పటినుంచి షాపుకి వచ్చిన ప్రతివాడూ ఈల వేస్తూ, దగ్గుమందు తిన్నాకేనా బాబాయ్ అని అడగడం మొదలుపెట్టాడు. ఆయన మొదట్లో తనూ నవ్వాడట. తరవాత తరవాత నోరు తెరవడం మానేసి, వేలితో చూపిస్తూ, అట్టల మీద రాసిస్తూ నెట్టుకొస్తున్నాడు.

ఈ సంగతి చిలక చెవిన పడకపోలేదు. నేనెక్కడా పేరు చెప్పలేదుగా అని కొట్టిపారేశాడు. కళాకారుడు ఒక్కొక్కరి గుమ్మం ఎక్కి అనుమతి అడుగుతూ కూర్చుంటే జనం నవ్వేదెప్పుడు అనేవాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఒకప్పుడు మంత్రిగారి గొంతు చేసినందుకు మనుషులు ఇంటికొచ్చి బెదిరిస్తే అతను వెనక్కి తగ్గలేదు. భార్య అతని పక్కనే నిలబడింది. ఊరంతా మెచ్చుకుంది.

ఇప్పుడు ఆ భార్యే తలుపుకి ఆనుకుని అడిగింది. "మంత్రిగారంటే సరే. ఈయన మనకేం చేశాడండీ?"

ఏం చేశాడో చిలకకు బాగా తెలుసు. గొంతు పట్టాలంటే అతను కొనుగోలుదారుడిలా వెళ్లి నిలబడి వింటాడు. షాపాయన మాట వినడం కోసమని, అక్కర్లేకపోయినా రోజూ గొంతునొప్పి బిళ్లలు కొనేవాడు. పాపం, ఆయన నిజంగానే నొప్పి అనుకున్నాడు. గొంతే నీకు అన్నం పెడుతోంది నాయనా, అశ్రద్ధ చేయకు అన్నాడు. మంచిరకం బిళ్లలు తెప్పించి, అతని కోసమే విడిగా దాచి ఉంచేవాడు. గోరువెచ్చటి నీళ్లు పుక్కిలించమని మూడుసార్లు చెప్పేవాడు. చిలక బుద్ధిగా తల ఊపుతూ ఆ ఈల ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టుకున్నాడు.

దేవుడి పటం ముందు నిలబడి క్షమించమని అడగబోయాడు. అడగవలసింది ఇక్కడ కాదనిపించి, చేతులు దించి, మాత్రల అట్ట జేబులో పెట్టుకుని చెప్పులేసుకున్నాడు.

దారిలో ప్రదర్శన ఏర్పాటు చేసినాయన ఫోన్ చేశాడు. షాపాయన అంశం ఆదివారం చేయనని చిలక చెప్పేశాడు. అవతలివాడు కోప్పడలేదు. జనం వచ్చేదే దానికోసం అన్నాడు. మీరు మానేస్తే మీకంటే చిన్నవాడెవడో చేస్తాడన్నాడు. రేపు మంత్రిగారు కూడా నా మనసు నొచ్చిందంటే మానేస్తారా అనీ అడిగాడు. చిలక ఆలోచించాడు. మంత్రి తిరిగి మాట్లాడగలడు, షాపాయన రోజంతా ఆ బల్ల వెనకాల నిలబడి వినాలి. ఈ తేడా చాలా, ఇంకేమన్నా ఉందా అన్నది అతనికి తేలలేదు. చేయనని మాత్రం మళ్లీ చెప్పి ఫోన్ పెట్టేశాడు.

షాపు దగ్గర నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనుకున్నాడు. కానీ పదిమందిలో చేసిన తప్పు చాటుగా ఒప్పుకోవడం ఏం న్యాయం అనిపించింది. ముందుకు వెళ్లాడు. షాపాయన కళ్లజోడు పైనుంచి చూశాడు.

"బాబాయ్, తప్పే," అన్నాడు చిలక. "తప్పే బాబాయ్. ఏం చేశాను? తప్పే."

చివరి మాటకి గొంతు దానంతటదే తగ్గింది. పళ్ల సందులోంచి సన్నటి ఈల వచ్చింది.

వెనకాల ఒకరు ఫక్కున నవ్వారు. ఇంకొకరు భలే అన్నారు. చిలక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వేదికల మీద ఎన్నిసార్లు పలికాడో, ఆ వరస నాలుక మీద స్థిరపడిపోయింది. తన సొంత గొంతుతో మొదలుపెట్టాననే అనుకున్నాడు. ఏడుపొచ్చింది. అదీ నటనే అనుకుంటారని ఆపుకున్నాడు.

షాపాయన మొహంలో ఏమీ కనిపించలేదు. ఉన్నవాళ్లకి మందులిచ్చి, రాసిచ్చి, పంపించాడు. మధ్యాహ్నం మూసే వేళ అయిందని షట్టరు సగం దించాడు. చిలక అక్కడే నిలబడ్డాడు. మళ్లీ నోరు విప్పడానికి భయం వేసింది. ఆఖరికి జేబులోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్కొక్క మాటా విడదీసి, ఏ వరసా రాకుండా, అమ్మ పరగడుపున వేసుకుని పడిపోయిందని చెప్పాడు.

షాపాయన అట్ట తిప్పి తన రాతే చూసుకున్నాడు.

"నేను నోటితో చెప్పాల్సింది," అన్నాడు. "నవ్వితే నవ్వారు. చెప్పాల్సింది."

"మీ తప్పు కాదు బాబాయ్."

ఆయన షాపు మూసి, తాళం వేసి, అతని వెంట నడిచాడు. ఇంటిముందుకి వచ్చాక మెట్ల మీద ఆగాడు.

"నువ్వు బయటే ఉండు నాయనా. నువ్వు వింటుంటే నాకు మాట రాదు."

చిలక తల ఊపి మెట్ల మీద కూర్చున్నాడు. భార్య తలుపు తీసి పెద్దాయన్ని లోపలికి తీసుకెళ్లింది. తల్లి పలకరింపు వినబడింది. కుర్చీ జరిగిన చప్పుడయింది. ఆ తరవాత షాపాయన గొంతు మొదలైంది, మెల్లగా, అలవాటు తప్పినట్టుగా.

"తిన్నాకే. తిన్నాకే అమ్మా."

మెట్ల మీద చిలక పెదాలు కదిలాయి. అతను లేచి, ఆ గొంతు వినబడనంత దూరం వీధిలోకి నడిచాడు.