బీపీ చూడు ఖదీర్ భాయ్

"ఖదీర్ భాయ్, పాలపీక కావాలె. జల్ది!" సక్కుబాయి మందుల దుకాణం మెట్లెక్కుతూనే కేకేసింది.

శంషాబాద్ బస్టాండు దగ్గరి ఆ దుకాణంలోనే ఆమె నెలనెలా బీపీ గోలీలు తీసుకుంటుంది. ఈ పొద్దు వచ్చింది తన కోసం కాదు, ఐదు నెలల మనవరాలి కోసం. కోడలు సునీత ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులిచ్చే కౌంటర్లో పనిచేస్తుంది. కాన్పు సెలవు ఇవాళ్టితో ఆఖరు. రేపు పొద్దున ఆరింటికి డ్యూటీ. పిల్లేమో తల్లి రొమ్ము తప్ప మరొకటి ముట్టనంటోంది. వారం నుంచి చెంచాతో పోస్తే ఉమ్మేసింది, సీసా పెడితే నాలుకతో తోసేసింది. ఇవాళ కూడా తాగకపోతే ఉద్యోగం మానేస్తానని సునీత తేల్చి చెప్పింది. చెబుతున్నంతసేపూ తలుపుకు తగిలించిన యూనిఫాం వైపు మాత్రం చూడలేదు. సక్కుబాయి అది గమనించింది. ఆ ఇంట్లోంచి యూనిఫాం వేసుకుని డ్యూటీకి పోయిన మొదటి ఆడది సునీత. తమ ఊరు సాతంరాయిలో ఆ సంగతి సక్కుబాయి చెప్పని గడప లేదు.

"సీసా ఉన్నదా అక్కా?" అడిగాడు ఖదీర్.

"బడంగ్‌పేట్ల మా అక్క అనంతమ్మ ఇచ్చింది. వాళ్ల మనవడు తాగిన సీసా. పోరడు ఇప్పుడు తొమ్మిదో తరగతి, సీసా మాత్రం ఇంకా రాయి లెక్కనే ఉన్నది. పీకనే గట్టిపడ్డది."

ఖదీర్ మొహం చిట్లించి, అరలోంచి కొత్త స్టీలు సీసా తీశాడు. "గది వద్దక్కా. ఇది తీస్కపో. పీక దీనితోనే వస్తది. బీపీఏ ఫ్రీ."

సక్కుబాయి మొహం వెలిగిపోయింది. "ముందే చెప్పొద్దా!" అంటూ స్టూలు మీద కూర్చుంది. గాజులు పైకి తోసి, చేయి బల్ల మీద చాపింది. "చూడు."

"ఏంది చూసేది?"

"బీపీ. ఫ్రీ అంటివి గద."

దగ్గుమందు కోసం నిలబడ్డ మైమూనాకు నవ్వు ఆగలేదు. "ఇంకో సీసా కొను అక్కా, షుగర్ కూడ ఫ్రీ చేస్తడు!"

ఖదీర్ కూడా నవ్వాడు. "బీపీ కాదక్కా, బీపీఏ. గదొక రసాయనం. ఫ్రీ అంటె ఊకె ఇచ్చుడు కాదు, దీంట్ల గది లేదని."

"లేనిదాన్ని ఫ్రీ అంటరా? ఏం ఇంగ్లీషో ఏమో!"

"అద్దం లెక్క మెరిసే గట్టి ప్లాస్టిక్‌ను దాంతోనే చేస్తరు. సీసా పాతబడి గీతలు పడితే, దాంట్ల వేడి పాలు పోస్తే, గది కొంచెం కొంచెం పాలల్ల దిగుతది. ఒంట్ల పోయి హార్మోన్ వేషం ఏస్తదట. పసిపిల్లలు మన లెక్క దాన్ని జల్ది బయటికి పంపలేరు. అందుకే మన దేశంల పాలసీసాలకు ఆ ప్లాస్టిక్ బంద్ చేసి ఏండ్లయింది. మీ అక్కది అంతకుముందుదేమో. అడుగున మూడు బాణాల నడుమ ఏడు అంకె ఉన్నదా? ఆ రకం ప్లాస్టిక్‌కు గదే గుర్తు."

చాపిన చేయి సక్కుబాయి ఒళ్లోకి వచ్చేసింది. ఉంది. సీసా తోమినప్పుడల్లా ఆ ఏడు ఆమె బొటనవేలికి తగులుతూనే ఉంది. ఏడు నెలల దాకా తాగే సీసా అనుకుంది!

"అయ్యో, ఆ సీసా పొయ్యి మీద మరుగుతున్నది భాయ్! నేను గంటల రాకుంటె పాత పీకకే సూదితోని తూటు పెద్దగ చేసి తాగియ్యమని కోడలికి చెప్పొచ్చిన!"

"ఒక్కపూటకు ఏం కాదక్కా, పరేషాన్ గాకు..."

ఆమె అప్పటికే మెట్లు దిగి ఆటోలో ఉంది.

"ఏందమ్మా, విమానం అందుకోవాల్నా?" అన్నాడు ఆటో అతను.

"పాలసీసాను అందుకోవాలె. ఉరికియ్యి!"

బెంగళూరు రోడ్డు మీద లారీల మధ్య ఆటో దూసుకుపోతుంటే, సక్కుబాయి సీసా డబ్బాను రెండు చేతులా గుండెకు అదుముకుంది. భయంగానే ఉంది. కానీ ఆ భయం అడుగున ఏదో హుషారు కూడా. పిల్ల వద్దన్నది పాలను కాదేమో, ఆ గట్టి పీకనేమో!

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి సునీత పాతసీసాను నీళ్లలోంచి తీసి, పాలగ్లాసు అందుకుంటోంది.

"ఆగు! పోయకు!" సక్కుబాయి సీసా లాక్కుంది.

"ఏమైంది అత్తమ్మా?"

ఆయాసపడుతూనే అంతా చెప్పింది, బీపీ కోసం చేయి చాపిన ముచ్చట తప్ప.

"అంటె వారం సంది దీన్నేనా నేను నోట్ల కుక్కుతున్నది?" అంది సునీత.

"తాగలేదు గద. అనంతక్కకు తెల్వలేదు, నాకు తెల్వలేదు, ఐదు నెలల దానికి తెలిసింది. మన అందరికంటె హుషారు!"

సునీత కొత్త డబ్బా మీది అక్షరాలన్నీ చదివి, ఫోన్‌లో కూడా వెతికింది. "బీపీఏ తీసేసి దాని తమ్ముళ్లను కలుపుతరట కొందరు. బీపీఎస్ అని, బీపీఎఫ్ అని."

"స్టీలుకు తమ్ముళ్లు ఎక్కడుంటరే?"

"నిజమే. పీక సిలికాన్‌ది. ఇగ మంచిదే."

కొత్త సీసాను మరిగించి, పాలు గోరువెచ్చగా పోశారు. సునీత పిల్లను ఒళ్లో వేసుకుని పీక అందించింది. పిల్ల మొహం తిప్పుకుంది. మళ్లీ పెట్టింది. మళ్లీ తిప్పుకుని తల్లి రవికెలో ముక్కు దూర్చింది. సునీత కళ్లలో నీళ్లు నిండాయి.

"ఇగ కాదత్తమ్మా. ఫోన్ చేసి రానని చెప్పేస్త."

సక్కుబాయి పిల్ల ముక్కునే చూస్తోంది. ఎటు తిప్పినా అది తల్లి వైపే పోతోంది. "ఇటియ్యి. నువ్వు బయటికి పో. నీ వాసన తగిలినంతసేపు ఇది వేరేది ముట్టదు."

సునీత వాకిట్లోకి వెళ్లింది. సక్కుబాయి పీక చివర ఒక చుక్క పిండి పిల్ల పెదవికి రాసింది. నాలుక బయటికొచ్చి నాకింది. ఇంకో చుక్క. పెదవులు పీకను తడిమాయి, వదిలాయి, మళ్లీ పట్టాయి. ఒక గుటక. తర్వాత ఇంకొకటి. ఇంటి మీదుగా విమానం గర్జిస్తూ పోయినా పిల్ల ఆగలేదు.

"తాగుతున్నదా అత్తమ్మా?" కిటికీ దగ్గర సునీత గొంతు.

సక్కుబాయి కదలకుండా కూర్చుంది. సీసా సగమయ్యాక, గొంతు తగ్గించి అంది:

"సప్పుడు చేయకు. ముందు పోయి రేపటికి అలారం పెట్టుకో."